చివరి అర సెకను

పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు ఆఫీసు ఫోన్ ఎత్తకూడదని ప్రతి ఏడూ అనుకుంటాను. 2024 సంక్రాంతికీ అనుకున్నాను. భోగికి ముందు రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. ఎత్తాను.

"నిజామాబాద్‌లోనే ఉన్నావు కదా? బోధన్ అవతల మన కంట్రోలర్ పెట్టిన షుగర్ మిల్లు ఉంది చూడు, అక్కడ ఏదో అయింది. పొద్దున్నే ఒకసారి వెళ్ళిరా" అన్నాడు మా మేనేజరు.

"ఏమైంది?"

"తూకాలు పోయాయట."

నాకు నవ్వొచ్చింది. వస్తువు పోతుంది, డబ్బు పోతుంది. తూకం పోవడమేంటి? పొద్దున బండి మీద బోధన్ రోడ్డెక్కి, అర్సపల్లి దాటి, ఎడపల్లి దగ్గర టీకి ఆగినప్పటికి కూడా నాకు విషయం పూర్తిగా ఎక్కలేదు.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఫర్మ్‌వేర్ రాస్తాను. లారీలను, ట్రాక్టర్లను తూచే కాటాలకు కంట్రోలర్లు చేస్తాం. కాటా పళ్ళెం కింద లోడ్ సెల్స్ ఉంటాయి. బరువు పడ్డప్పుడు వాటిలోంచి వచ్చే మిల్లీవోల్టులను చదివి, కిలోలుగా మార్చి, ఎర్ర అంకెల్లో చూపించి, చీటీ కొట్టడం మా డబ్బా పని. మాది చిన్న టీమ్ కాబట్టి కోడ్‌తో పాటు పవర్ సప్లై భాగం కూడా నేనే డిజైన్ చేశాను. కరెంటు పోతే ఏం చెయ్యాలన్నది కూడా అందులోదే.

చెరుకు మిల్లులో బండిని రెండుసార్లు తూస్తారు. లోడుతో వచ్చినప్పుడు ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి. రెంటికీ తేడా రైతు తెచ్చిన చెరుకు. మొదటి తూకం అయ్యాక రైతుకు ఒక టోకెన్ నంబరు ఇస్తారు. బండి యార్డులోకి వెళ్ళి, వంతు వచ్చాక చెరుకు దించి, ఖాళీగా మళ్ళీ కాటా ఎక్కుతుంది. ఈ రెండు తూకాల మధ్య గంట పట్టొచ్చు, సీజన్ మంచి ఊపు మీద ఉంటే నాలుగైదు గంటలూ పట్టొచ్చు. అంతసేపూ ఆ మొదటి అంకె ఎక్కడుంటుంది? నా కంట్రోలర్ మెమరీలో ఉంటుంది. మిల్లు కంప్యూటర్‌కు వెళ్ళేది రెండో తూకం అయ్యాకే.

ఆ రాత్రి గేటు దగ్గర కరెంటు పోయింది, పది నిమిషాలు. అప్పటికి యార్డులో, మొదటి తూకం అయి రెండోది కాని బండ్లు ఇరవై మూడు. కరెంటు వచ్చాక కంట్రోలర్ మామూలుగానే లేచి, సున్నా చూపించి, బండి కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. దానికి ఇరవై మూడు బండ్లలో ఒక్కటీ గుర్తు లేదు.

ఇరవై మూడింటిలో పద్నాలుగు ఇంకా లోడుతోనే ఉన్నాయి. వాటిని మళ్ళీ కాటా ఎక్కించారు. మిగతా తొమ్మిది అప్పటికే దించేశారు. ఆ చెరుకు క్యారియర్ మీద నుంచి కత్తుల కిందకు, రోలర్ల మధ్యకు వెళ్ళి రసమైపోయింది. దాన్ని మళ్ళీ తూచలేం. తూకం పోవడమంటే ఏంటో నాకు అప్పుడు అర్థమైంది.

*

నేను వెళ్ళేసరికి గేటు బయట ట్రాక్టర్ల వరుస రోడ్డు దాకా ఉంది. కాటా గదిలో మా కంట్రోలర్ పచ్చ లైటుతో వెలుగుతోంది. స్క్రీన్ మీద కింది వరుసలో 'బ్యాటరీ ఓకే' అని ఉంది. మెయిన్స్ స్విచ్ ఆపాను. స్క్రీన్ ఆరిపోయింది. మిణుకు కూడా లేదు. స్పెసిఫికేషన్‌లో మేం రాసింది ఎనిమిది గంటల బ్యాకప్.

గది బయట తొమ్మిది మందీ ఉన్నారు. వాళ్ళలో అరవై దాటిన పెద్దాయన ఒకాయన తలకు తువ్వాలు చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను బయటికి రాగానే లేచాడు.

"సారూ, గీ మిషిన్ జేసింది మీరేనా?"

"మా కంపెనీ" అన్నాను. 'నేనే' అనడానికి నోరు రాలేదు.

"నా బండి పొద్దుగూకినంక ఎక్కింది. ఎర్రంకెలు నేను సూసిన సారూ. పద్దెనిమిది చిల్లర ఉండె. ఆ చిల్లర ఎంతనో యాదికొస్తలేదు."

రాత్రంతా ఆయన ఆ చిల్లర కోసమే జ్ఞాపకాన్ని తవ్వుకుంటూ కూర్చున్నట్టున్నాడు. నా మెషీన్ చెయ్యాల్సిన పని ఆయన చేస్తున్నాడు.

మిల్లు వాళ్ళు ఒక లెక్క తేల్చారు. తొమ్మిది బండ్లకూ అదే ట్రాక్టరు అంతకుముందు వేసిన మూడు ట్రిప్పుల సగటు తీసి రాద్దామన్నారు. నాకూ వేరే దారి తోచలేదు. ఎనిమిది మంది ఒప్పుకున్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు. పండక్కి కొడుకులు వచ్చారట, మనుషులున్నారు కదా అని ఆ రోజు బండి నిండుగా వేశారట. సగటు లెక్కలో ఒక టన్ను తక్కువ పడుతుందని ఆయన వాదన. ఆ సీజన్‌కు కేంద్రం ప్రకటించిన ధర, 10.25 శాతం రికవరీ మీద, క్వింటాకు 315 రూపాయలు. టన్ను అంటే మూడు వేల పైచిలుకు. ఆయన చెప్పేది నిజమో కాదో తేల్చగల సాక్షి ఒక్కటే ఉండేది. అది నేను చేసిన డబ్బా.

చివరికి ఆయనా వేలిముద్ర వేశాడు. వేసి, నా వైపు చూసి ఒకే మాట అన్నాడు. "తూకం గాంగనే కాగితం మీద రాసి మా చేతికిస్తె ఏం పోతుండె సారూ?"

నా దగ్గర జవాబు లేదు. టోకెన్ మీద నంబరు ఒక్కటే అచ్చు వెయ్యాలని స్పెసిఫికేషన్‌లో ఉంది. దాని కింద అంకె కూడా వేద్దామని నాకు తట్టలేదు. అంకె కంట్రోలర్‌లో ఉంది కదా, దానికి బ్యాటరీ ఉంది కదా అనుకున్నాను.

*

బ్యాటరీని ఊడదీసి ఇంటికి తెచ్చాను. ఇంటికంటే ముందు షాపుకు తెచ్చాను అనాలి. మా బాపుది బోధన్ రోడ్డు మీద బ్యాటరీల షాపు. ట్రాక్టర్ల బ్యాటరీలు, ఇన్వర్టర్ల బ్యాటరీలు చార్జింగ్ పెట్టడం, డిస్టిల్డ్ వాటర్ పొయ్యడం, కొత్తవి అమ్మడం. నా చిన్నప్పటి ప్యాంట్లన్నిటికీ తొడల దగ్గర యాసిడ్ చిల్లులుండేవి. హైడ్రోమీటర్‌తో ఆడుకున్న పిల్లలు తక్కువ మందే ఉంటారు. లోపలి గాజు బుడ్డి పైకి తేలి 1.250 దాటితే ఆ సెల్లు నిండినట్టు, 1.100 దగ్గరికి మునిగిపోతే ఒట్టిపోయినట్టు. సైన్స్ పాఠంలో సాంద్రత రాకముందే నాకు ఆ అంకెలు తెలుసు.

బాపు ఆ సీల్డ్ బ్యాటరీని చేతిలో పట్టుకుని బరువు చూశాడు. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లు. నేను మల్టీమీటర్ పెట్టి చూపించాను. 12.6.

"వోల్టేజి మంచిగనే ఉంది బాపూ."

"ఏ పనీ చెప్పకపోతే ఎవడైనా మంచిగనే ఉంటడు. బల్బు వెట్టు."

షాపులో ఒక పాత ట్రాక్టర్ హెడ్‌లైట్ బల్బుకు రెండు క్లిప్పులు తగిలించి ఉంటుంది. 55 వాట్లది. దాన్ని పెడితే నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. పెట్టాను. ఎర్రగా ఒక్క క్షణం వెలిగి, దీపంలో చమురు అయిపోయినట్టు కుంగిపోయింది. మీటరు 12.6 నుంచి మూడు సెకన్లలో 9 కిందికి జారింది. 12 వోల్టుల బ్యాటరీని 10.5 కిందికి దింపకూడదంటారు. ఇది దిగడం కాదు, పడిపోవడం.

"సచ్చి శాన దినాలైంది. మీ డబ్బ దీన్ని మంచిగుందని చెప్తుండెనా?"

చెప్తుండెను. ఎందుకంటే 'బ్యాటరీ ఓకే' అనే వరుసను నేనే రాశాను. టెర్మినల్ దగ్గర వోల్టేజి 13 దాటితే ఓకే. చార్జర్ ఎప్పుడూ కలిపే ఉంటుంది కాబట్టి టెర్మినల్ దగ్గర ఎప్పుడూ 13.8 ఉంటుంది. అంటే నా కోడ్ చదివింది బ్యాటరీని కాదు, చార్జర్‌ని. పీనుగకు చొక్కా తొడిగి, చొక్కా బాగుందని చెప్పినట్టు.

"ఏడ వెట్టిన్రు దీన్ని?"

రేకుల గది, పడమటి గోడ, ఇనుప పెట్టె అని చెప్పాను. బాపు ఇంకేమీ అడగలేదు. బ్యాటరీని తీసుకెళ్ళి పాత సీసం కుప్ప పక్కన పెట్టాడు.

ఆ రాత్రి డేటాషీట్ మళ్ళీ తెరిచాను. ఇదే కాగితాన్ని 2021లో చదివి డిజైన్ చేశాను. ఐదేళ్ళ ఆయుష్షు అని ఉంది. ఆ వాక్యం పక్కనే 25 డిగ్రీల దగ్గర అని కూడా ఉంది. నిజామాబాద్ మే నెలలో 45 డిగ్రీలు మాకు వార్త కాదు. సీసం బ్యాటరీకి ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. 25 నుంచి 45 అంటే రెండు సగాలు, అంటే పావు. ఐదేళ్ళది ఏడాదిన్నర కూడా రాదు. ఇనుప పెట్టెలో గాలి బయటకంటే ఇంకా వేడి.

ఇంకొకటి ఉంది. వేడి పెరిగేకొద్దీ చార్జింగ్ వోల్టేజి తగ్గించాలి. ఒక్కో సెల్లుకు డిగ్రీకి మూడు మిల్లీవోల్టులు. ఆరు సెల్లులకు పద్దెనిమిది. 20 డిగ్రీలు పెరిగితే మూడో వంతు వోల్టు పైన. వినడానికి చాలా చిన్నది. కానీ నా చార్జర్ ఆ తగ్గింపు లేకుండా, సీజన్ లేని ఎండాకాలమంతా, ఖాళీ మిల్లు గేటు దగ్గర, రోజుకు ఇరవై నాలుగు గంటలు ఆ బ్యాటరీని 13.8తో ఉడికించింది. సీల్డ్ బ్యాటరీలో నీళ్ళు పొయ్యడానికి మూత ఉండదు. రెండు ఎండాకాలాల్లో లోపల తడి ఆరిపోయింది.

*

ఇంత జరిగినా ఎవరికీ ఎందుకు తెలియలేదన్నది నన్ను ఎక్కువ తొలిచింది. దానికి జవాబు బాపు షాపు లెక్కల పుస్తకంలోనే ఉంది.

నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కరెంటు కోతలకు టైమ్‌టేబుల్ ఉండేది. 2012, 13 ప్రాంతంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు కూడా పెట్టారు. ఊరికి చీకటి రోజులు, మా షాపుకు మంచి రోజులు. ఇంటింటికీ ఇన్వర్టర్. నా సెమిస్టర్ ఫీజులన్నీ ఆ చీకట్లోంచే వచ్చాయి. ఆ రోజుల్లో బ్యాటరీ చచ్చిపోతే అదే సాయంత్రం తెలిసిపోయేది. ఫ్యాన్ ఆగేది, మనిషి షాపుకు వచ్చేవాడు. రోజూ పోయే కరెంటు రోజూ బ్యాటరీని పరీక్షించేది.

తర్వాత పరిస్థితి మారింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి కూడా ఇరవై నాలుగు గంటల కరెంటు అన్నారు. ఇన్వర్టర్ల బేరం తగ్గింది. బాపు గొణిగాడు గానీ లోలోపల సంతోషించాడు. రాత్రిపూట మోటరు వెయ్యడానికి వెళ్ళి పాము కరిచిన వాళ్ళను ఆయన ఎరుగు.

కరెంటు పోకపోవడం మొదలయ్యాక బ్యాటరీని అడిగేవాళ్ళు లేరు. మా మిల్లు గేటు దగ్గర రెండేళ్ళలో నిమిషం దాటిన కోత లేదట. ఎప్పుడైనా లైట్లు ఒకసారి మిణుకుమంటే, ఆ క్షణం సప్లైలో ఉన్న కెపాసిటర్లే ఓర్చుకునేవి. బ్యాటరీ ఎప్పుడు పోయిందో గుర్తించే సందర్భమే రాలేదు. కష్టం లేని రోజుల్లో ఎవరు మనవాళ్ళో తెలియదంటారు. బ్యాటరీల విషయంలో అది అక్షరాలా నిజం.

*

హైదరాబాద్ తిరిగి వచ్చాక మీటింగ్ పెట్టారు. మేనేజరు అడిగింది సహజమైన ప్రశ్నే. "పెద్ద బ్యాటరీ పెడదామా? 7 బదులు 26?"

నేను సరే అనబోయి ఆగాను. బాపు ఎప్పుడో చెప్పిన ఒక సంగతి గుర్తొచ్చింది. ఆయన షాపు పెట్టకముందు ఒక పవర్ హౌస్‌లో కొన్నాళ్ళు హెల్పర్‌గా చేశాడు. అక్కడ బ్యాటరీ రూమ్ అని ఒకటి ఉండేది, గోడల పొడవునా గాజు జాడీల్లాంటి సెల్లులు యాభై ఐదు. ఒక్కొక్కటి రెండు వోల్టులు, మొత్తం 110. చిన్నప్పుడు నేను అడిగాను, అన్ని బ్యాటరీలుంటే కరెంటు పోయినా టర్బైన్ తిరుగుతుందా అని. బాపు నవ్వాడు. "తిప్పనీకె కాదురా, ఆపనీకె."

పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. టర్బైన్‌కు ఆవిరి ఆగిపోయినా, నిమిషానికి వేల సార్లు తిరిగే ఆ ఇరుసు వెంటనే ఆగదు. చాలాసేపు తనంతట తాను తిరుగుతూ నెమ్మదిస్తుంది. అంతసేపూ బేరింగులకు నూనె అందాలి. మామూలు నూనె పంపు కరెంటు మీద నడుస్తుంది, ఆ కరెంటు అప్పుడు లేదు. అందుకని బ్యాటరీ మీద నడిచే అత్యవసర పంపు ఒకటి ఉంటుంది. ఆ నూనె అందకపోతే బేరింగుల తెల్ల లోహం కరిగిపోతుంది. చెరుకు మిల్లుల్లోనూ ఇదే ఏర్పాటు. పిప్పిని కాల్చి ఆవిరి చేసి, ఆ ఆవిరితో తమ కరెంటు తామే చేసుకునే ఫ్యాక్టరీలవి. మా కాటా మాత్రం పవర్ హౌస్‌కు దూరంగా గేటు దగ్గర, బయటి లైను మీద ఉంది.

ఆ యాభై ఐదు సెల్లులు ఫ్యాక్టరీని నడపడానికి కాదు, పాడవకుండా ఆపడానికి. మేము స్పెసిఫికేషన్‌లో 'ఎనిమిది గంటలు నడవాలి' అని రాసుకున్నాం. 'ఎలా ఆగాలి' అని ఒక్క వరుస రాయలేదు. కథ రాసేవాడికి ముగింపు తెలియకపోయినా ఫర్వాలేదని ఈ పత్రికలోనే వాదించిన వాణ్ణి నేను. కంట్రోలర్ రాసేవాడికి మాత్రం ముగింపే ముందు తెలియాలి.

బోధన్ వెళ్ళినప్పుడల్లా శక్కర్‌నగర్ మీదుగా ఒక చుట్టు తిరిగి వస్తాను. ఊరి పేరులోనే చక్కెర ఉంది. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి నీళ్ళు వచ్చాక ఈ నేలంతా చెరుకైంది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. ఆసియాలోకెల్లా పెద్దదని మా తాతల తరం గొప్పగా చెప్పుకునేది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో, గానుగ ఆడాల్సిన నెలలో, లేఆఫ్ నోటీసు వచ్చింది. తప్పెవరిది అన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది, అందులోకి నేను వెళ్ళను. ఆ గేటు ముందు నిలబడితే నాకు వచ్చే ఆలోచన ఒకటే. ఎనభై ఏళ్ళ పాటు తిరిగిన ఇరుసు అది. దాని చుట్టూ కార్మికులు, చెరుకు నాటిన రైతులు, బండ్ల వాళ్ళు, టీ కొట్లు. ఆగిపోయేటప్పుడు ఆ బేరింగులకు నూనె పోసే పంపు ఏదీ?

*

పెద్ద బ్యాటరీ వద్దన్నాను. కొత్త డిజైన్‌లో ముందు కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకున్నాను. ఏది పోకూడదు? అది పోకుండా ఉండాలంటే ఎంతసేపు కావాలి? ఆ సమయం మన దగ్గర ఉందని రోజూ ఎలా తెలుస్తుంది?

మొదటిదానికి జవాబు చిన్నది. పోకూడనిది ఒక్కో బండికి అరవై నాలుగు బైట్లు. టోకెన్ నంబరు, బండి నంబరు, సమయం, బరువు, తప్పు పట్టుకునే చెక్‌సమ్. అంతే. డిస్‌ప్లే పోయినా, ప్రింటర్ ఆగినా ఎవరికీ నష్టం లేదు. మేం ఎనిమిది గంటలు కాపాడాలనుకున్నది ఎర్ర అంకెల వెలుగుని. పెద్దాయనకు కావాల్సింది ఆ అరవై నాలుగు బైట్లు.

మరి వాటిని మొదటే శాశ్వత మెమరీలో ఎందుకు రాయలేదు? ఇక్కడ నేరం ఒప్పుకోవాలి. ప్రాసెసర్‌లో ఉండే ఫ్లాష్ మెమరీని చెరిపి రాయడానికి పదివేల సార్లకే హామీ. రోజుకు రెండు వందల బండ్లు, రెండేసి తూకాలు, ఒకే చోట రాస్తూ పోతే నెల తిరక్కుండా అరిగిపోతుంది. చోట్లు మారుస్తూ రాస్తే ఆ సమస్య ఉండదు, దానికి కోడ్ రాయడానికి రెండు వారాలు కావాలి. డెలివరీకి పది రోజులుంది. బ్యాటరీ ఉంది కదా అని మామూలు ర్యామ్‌లో వదిలేశాను. రివ్యూ డాక్యుమెంట్‌లో ఆ వాక్యం నా పేరుతో ఇప్పటికీ ఉంది.

ఈసారి ఎఫ్‌ర్యామ్ చిప్ పెట్టాం. దాన్ని ముందు చెరపనక్కర్లేదు, అరుగుదల బాధ లేదు, అరవై నాలుగు బైట్లు మిల్లీసెకనులో పదో వంతు కంటే తక్కువలో రాసేస్తుంది. పాతకాలం కంప్యూటర్లలో చిన్న చిన్న అయస్కాంతపు పూసలు తీగలకు గుచ్చి మెమరీ అల్లేవారు. అది కరెంటు పోయినా మరచిపోయేది కాదు. మధ్యలో మనం వేగం కోసం మతిమరపు మెమరీలకు అలవాటు పడి, వాటి పక్కన బ్యాటరీలు కాపలా పెట్టుకున్నాం. మళ్ళీ వెనక్కి వెళ్తున్నాం.

రెండో ప్రశ్నకు లెక్క ఉంది. 24 వోల్టుల లైను మీద 4,700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి. 10 వోల్టులకు దిగేదాకా ప్రాసెసర్ బతుకుతుంది. అర సీ వీ స్క్వేర్ అని ఇంటర్‌లో బట్టీ పట్టిన సూత్రమే. 24 స్క్వేర్ లోంచి 10 స్క్వేర్ తీసేసి లెక్క కడితే ఒకటిం పావు కంటే కాస్త తక్కువ జౌళ్ళు వస్తాయి. కరెంటు లైనులో రెండు అరతరంగాలు కనపడకపోతే, అంటే 20 మిల్లీసెకన్లలో, కంట్రోలర్ పసిగడుతుంది. వెంటనే డిస్‌ప్లే ఆపేస్తుంది, ప్రింటర్‌ను వదిలేస్తుంది. మిగిలిన ప్రాసెసర్ రెండు వాట్లు తింటుంది. అంటే అర సెకను. మనకు రెప్పపాటు. పదో వంతు మిల్లీసెకనులో రాయగల యంత్రానికి అది ఒక పూట. చేతిలో ఉన్న వాక్యం పూర్తి చేసి, రెండో కాపీ రాసి, చుక్క పెట్టి పడుకోవచ్చు. కెపాసిటర్ ముసలిదై సగం బలమే మిగిలినా చాలు.

బ్యాటరీని తీసెయ్యలేదు. 7 ఆంపియర్ అవర్లదే ఉంచి, రెండు గంటలని నిజాయితీగా రాశాం. చార్జర్‌కు వేడి తెలిసే సెన్సర్ తగిలించాం. పెట్టెను తూర్పు గోడకు మార్చమన్నాం.

మూడో ప్రశ్నకు బాపు బల్బే జవాబు. ప్రతి నెలా ఒకటో తారీఖు తెల్లవారుజామున కంట్రోలర్ తనే చార్జర్‌ని పక్కకు తప్పించి, బ్యాటరీ మీద పది సెకన్లు లోడు పెట్టి, ఎంత కుంగిందో రాసుకుంటుంది. స్క్రీన్ మీద ఇప్పుడు 'బ్యాటరీ ఓకే' అని ఉండదు. 'పరీక్ష: ఫలానా తేదీ, ఇన్ని వోల్టులు' అని ఉంటుంది. బాపుకు వీడియో కాల్‌లో చూపించాను. "పది సెకన్లు సాల్తయా?" అని అడిగి, "సాల్తయిలే" అని తనే అన్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆఖరి మార్పు ఒక ఎత్తు. దానికి ఖర్చు సున్నా. మెమరీలో రాసి, రాసింది తిరిగి చదివి సరిచూసుకున్నాకే టోకెన్ అచ్చవుతుంది. ఆ టోకెన్ మీద నంబరు కింద, బరువు. చిల్లరతో సహా.

*

మా స్కూలు నుంచి ఒకసారి నిజామాబాద్ ఖిల్లాకు తీసుకెళ్ళారు. రామాలయం చూపించి, ఒకప్పటి జైలు చూపించారు. నిజాం చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్యులను ఇక్కడే బంధించారని, ఆయన గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారని, వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనతో పాటు అక్కడే ఖైదీగా ఉన్నారని సారు చెప్పారు. అప్పట్లో నాకు బొగ్గు మీదే ఆశ్చర్యం. కాగితం లేకపోతే గుర్తుపెట్టుకోవచ్చు కదా, గోడ మీద ఎందుకు రాయాలి?

ఇప్పుడు అర్థమవుతోందనుకుంటాను. రేపు ఉంటామో లేదో తెలియని చోట, తనలోనే దాచుకున్నది తనతోనే పోతుంది. బయట పెట్టాలి. తన కరెంటు మీద ఆధారపడని చోట పెట్టాలి. ఇంకొకరి కంట పడే చోట పెట్టాలి. పుస్తకాల గురించి ఇన్నేళ్ళుగా రాస్తూ నేను చెప్పలేకపోయిన మాట ఒక చెరుకు రైతు కాటా గది గోడకు ఆనుకుని చెప్పాడు. ఎవరికి నష్టమో వాళ్ళ చేతికి కాగితం ఇవ్వాలి. దానికి మించిన బ్యాకప్ మా డబ్బాలో పట్టదు.

ఆ ఏడాది నవంబరులో కొత్త కంట్రోలర్ బిగించడానికి నేనే వెళ్ళాను. మొదటి రోజు ట్రాక్టర్లు కాటా ఎక్కుతుంటే, కావాలనే మూడుసార్లు మెయిన్స్ లాగేశాను, బ్యాటరీ కూడా పీకేసి. మూడుసార్లూ లేచి, యార్డులో ఉన్న ప్రతి బండినీ గుర్తుపట్టింది. టోకెన్ తీసుకున్న రైతులు అంకె చూసుకుని, మడిచి జేబులో పెట్టుకుని పోతున్నారు. ఎవరూ దాని గురించి ఏమీ అనలేదు. అనడానికి ఏముంది.

పెద్దాయన కోసం చూశాను. సాయంత్రం దాకా రాలేదు. కాటా గుమస్తాను అడిగాను, పోయినసారి తూకం పోయిన పెద్దాయన ఎప్పుడొస్తాడని. అతను పర్మిట్ల రిజిస్టర్ తిప్పి చూశాడు.

"ఆయన ఈసారి చెరుకు పెట్టలేదు సార్. వరి వేసిండట."